గొలుసు లేని బండి – మాక్స్ ఫ్రిట్స్ జీవితం

కీర్తి గడించినవారి జీవితాలను తరచి చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. ప్రాణప్రదంగా ప్రేమించిన పని ఒకటి, లోకం గుర్తుంచుకొన్న పని మరొకటి అయినవారు వారిలో కొందరున్నారు. జర్మన్ దేశపు ఇంజనీరు మాక్స్ ఫ్రిట్స్ అట్టివారిలో ఒకరు. ఆయన మనస్సు ఎల్లప్పుడు ఆకాశంలో ఎగిరే విమానాల మీదనే ఉండేది. కాని ఆయన పేరును శాశ్వతంగా నిలబెట్టింది నేల మీద నడిచే ఒక మోటారు సైకిలు. 1923లో వెలువడిన ఆ బండిలో వెనుక చక్రాన్ని తిప్పడానికి గొలుసు లేదు, తోలు పట్టీ లేదు. ఇంజను శక్తిని తిన్నగా వెనుక చక్రం వరకు మోసుకొనిపోయే ఉక్కు షాఫ్టు ఒకటి ఉంది. ఆ ఏర్పాటు నూరేళ్ళు దాటిన తరువాత కూడా అదే సంస్థ బండ్లలో కొనసాగుతున్నదంటే, ఆ నిర్మాత బుద్ధి ఎంత సూక్ష్మమైనదో ఊహించవచ్చు.

మన పట్టణాల వీధులలో తిరిగే మోటారు సైకిళ్ళలో అత్యధిక భాగం చైను మీద నడిచేవే. చైను సంగతి విద్యార్థులకు మేము చెప్పవలసిన పని లేదు. కొన్నాళ్ళు పట్టించుకోకపోతే అది వదులై చప్పుడు చేస్తుంది. వానలో తడిస్తే తుప్పు పడుతుంది. నూనె రాస్తే దుమ్ము అంటుకొంటుంది. ఆ దుమ్మే ఆకురాయివలె లింకులను, పళ్ళ చక్రాలను అరగదీస్తుంది. ఈ బాధలన్నీ పడినవారు షాఫ్టు బండిని గురించి విన్నప్పుడు, దానికి ఏ సేవా అక్కరలేదని, ఒకసారి కొంటే జన్మంతా నిశ్చింత అని అనుకోవడం సహజం. ఈ నమ్మకంలో సగం సత్యం, సగం భ్రమ ఉన్నాయి. ఆ రెండింటినీ వేరుచేసి చూపడానికి ఫ్రిట్స్ జీవితంకంటె మంచి పాఠం లేదని మా అభిప్రాయం.

మాక్స్ ఫ్రిట్స్ 1883వ సంవత్సరం అక్టోబరు 1వ తేదీన, దక్షిణ జర్మనీలోని వుర్టెంబర్గు ప్రాంతంలో ఊరాక్ అనే చిన్న పట్టణంలో జన్మించారు. పుస్తకాల ద్వారా కాక చేతుల ద్వారా ఆయన యంత్రవిద్యలో ప్రవేశించారు. పసితనం దాటీ దాటకముందే ఆవిరి యంత్రాల కర్మాగారంలో పనివానిగా శిక్షణ పొందారు. ఇనుమును ఆకురాయితో రాచి, బేరింగులో షాఫ్టు ఎంత బిగువుగా కూర్చోవాలో వేళ్ళతో తెలుసుకొన్న తరువాతనే స్టుట్‌గార్ట్ నగరంలో సాంకేతిక విద్య అభ్యసించారు. ఆ క్రమం ఆయన రూపకల్పనలన్నింటిలోను కనిపిస్తుంది. కాగితం మీద అందంగా ఉన్నదా అనేదానితోపాటు, రేపు దానిని విప్పి బిగించవలసిన వాని చేతికి అందుతుందా అనేది కూడా ఆలోచించే స్వభావం ఆయనకు ఆ శిక్షణలోనే అబ్బిందని మేము భావిస్తాము.

1906లో ఆయన డైమ్లర్ సంస్థ రూపకల్పన విభాగంలో చేరారు. అవి మోటారు యుగపు తొలినాళ్ళు. 1914 జూలై 4వ తేదీన ఫ్రాన్సు దేశంలోని లియాన్ నగరం వద్ద జరిగిన గ్రాండ్ ప్రీ పోటీలో మెర్సిడిస్ కార్లు మొదటి మూడు స్థానాలను గెలుచుకొన్నాయి. ఆ కార్ల ఇంజను రూపకల్పనలో పాలుపంచుకొన్నవారిలో ఫ్రిట్స్ ఒకరు. మరి నాలుగు వారాలకే ప్రథమ ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. పందెపు కార్ల ఇంజన్లు తయారుచేసిన చేతులు విమానాల ఇంజన్లవైపు మళ్ళాయి.

ఆ కాలపు విమాన చోదకులను వేధించిన సమస్య ఒకటి ఉన్నది. ఎత్తుకు పోయినకొద్దీ గాలి పలుచనవుతుంది. గాలి పలుచనైతే సిలిండరులోకి చేరే ప్రాణవాయువు తగ్గుతుంది. దానితో ఇంజను బలం క్షీణిస్తుంది. ఫ్రిట్స్ ఆలోచన సాహసోపేతమైనది. నేల మీద అవసరమైనదానికంటె పెద్ద ఇంజనును, ఎక్కువ సంపీడనంతో నిర్మించాలి. కింద ఉన్నప్పుడు దానిని పూర్తిగా తెరవకూడదు; తెరిస్తే ఇంజను దెబ్బతింటుంది. తగినంత ఎత్తుకు చేరిన తరువాతనే పూర్తిగా తెరవాలి. అప్పుడు ఇతర విమానాలు నీరసించేచోట ఈ విమానం నిబ్బరంగా నిలుస్తుంది. ఈ ఆలోచనకు డైమ్లర్ సంస్థలో ఆదరణ లభించలేదు. 1917 జనవరిలో ఆయన మ్యూనిక్ నగరంలోని రాప్ అనే ఇంజన్ల కర్మాగారంలో చేరారు. ఆ కర్మాగారం అప్పటికి మంచి పేరున్నది కాదు. కాని ఫ్రిట్స్ గీసిన చిత్రాలే దాని తలరాతను మార్చాయి. అదే సంవత్సరం జూలైలో ఆ సంస్థ బి.ఎమ్.డబ్ల్యు. అనే కొత్త పేరు ధరించింది.

ఫ్రిట్స్ రూపొందించిన ఆరు సిలిండర్ల ఇంజను 1918లో ఫోకర్ డి-7 అనే యుద్ధ విమానాలలో అమరింది. ఆ విమానం ఎత్తులో చూపిన శక్తి శత్రుపక్షం వారికి కూడా ఆశ్చర్యం కలిగించింది. యుద్ధం ముగిసిన తరువాత 1919 జూన్ 17వ తేదీన ఫ్రాంజ్ జెనో డీమర్ అనే చోదకుడు ఫ్రిట్స్ వారి తరువాతి ఇంజనుతో 9,760 మీటర్ల ఎత్తుకు ఎగిరాడు. హిమాలయ శిఖరాలన్నింటికంటె అది ఎక్కువ ఎత్తు. ఒక ఇంజనీరు జీవితంలో ఇంతకంటె ఉన్నతమైన క్షణం ఏముంటుంది?

కాని విధి పరిహాసం చూడండి. పదకొండు రోజులు గడవకముందే, జూన్ 28వ తేదీన, వెర్సేల్స్ సంధి మీద సంతకాలయ్యాయి. ఓడిపోయిన జర్మనీలో విమానాలుగాని, విమాన ఇంజన్లుగాని తయారుచేయరాదని ఆంక్షలు వచ్చాయి. ఆకాశం ఎక్కిన కర్మాగారం నేల మీద పడింది. రైలు బండ్లకు గాలి బ్రేకులు తయారుచేసి పొట్టపోసుకొనవలసిన గతి పట్టింది. ముప్పయ్యారవ ఏట, శక్తి పరిపూర్ణంగా ఉన్న సమయంలో, తనకు తెలిసిన విద్యనే ఒక సంధి పత్రం నిషేధించగా ఫ్రిట్స్ ఎంత మథనపడి ఉంటారో మనం ఊహించుకొనవచ్చు.

ఆ ఖాళీ రోజులలో అదే సంస్థలో మార్టిన్ స్టోల్లె అనే ఇంజనీరు మోటారు సైకిళ్ళకు, చిన్న యంత్రాలకు పనికివచ్చే ఇంజనును తయారుచేశారు. దానిలో రెండు సిలిండర్లు ఒకదానికొకటి ఎదురుగా, నేలకు సమాంతరంగా పడుకొని ఉండేవి. ఆంగ్ల దేశపు డగ్లస్ బండి దీనికి మాదిరి. ఈ ఇంజనును వేరే సంస్థలు కొని తమ బండ్లకు బిగించుకొనేవి. 1922లో బి.ఎమ్.డబ్ల్యు. పేరు, దాని ఇంజన్ల తయారీ హక్కు మ్యూనిక్‌లోనే ఉన్న మరొక పూర్వపు విమాన కర్మాగారానికి సంక్రమించాయి. ఆ కర్మాగారం అప్పటికే ఇదే ఇంజనుతో హీలియోస్ అనే మోటారు సైకిలును అమ్ముతున్నది. అది అంత మంచి బండి కాదు. అందులో ఇంజనును బండి పొడవునా అమర్చారు. ముందు సిలిండరుకు గాలి బాగా తగిలేది. దాని వెనుక దాగిన రెండవ సిలిండరు వేడెక్కిపోయేది. ఈ బండిని బాగుచేసే భారం ఫ్రిట్స్ మీద పడింది.

ఫ్రిట్స్‌కు మోటారు సైకిళ్ళ మీద ఏమంత మక్కువ లేదని చెప్పుకొంటారు. విమాన ఇంజను నిర్మాతకు రెండు చక్రాల బండి చిన్నతనంగా తోచి ఉండవచ్చు. అయినప్పటికీ పని స్వీకరించిన తరువాత ఆయన దానిని చిన్నచూపు చూడలేదు. హీలియోస్‌కు అతుకులు వేయడం మాని, బండి మొత్తాన్ని మొదటి నుండి ఆలోచించారు. ఆయన చేసిన ప్రధానమైన మార్పు చెప్పడానికి చాల తేలిక. ఇంజనును తొంభై డిగ్రీలు తిప్పారు.

ఆ ఒక్క మలుపుతో ఎన్ని చిక్కులు విడిపోయాయో గమనించండి. సిలిండర్లు రెండూ బండికి ఇరువైపులా రెక్కలవలె చాచుకొన్నాయి. రెండింటికీ గాలి సమానంగా తగిలింది. ఇంజను లోపలి క్రాంకు షాఫ్టు బండి పొడవు దిశలోకి వచ్చింది. దాని వెనుకనే క్లచ్చి, ఆ వెనుకనే గేరు పెట్టె ఒకదానికొకటి అంటి కూర్చున్నాయి. గేరు పెట్టె నుండి వెలువడే షాఫ్టు అదే దిశలో వెనుక చక్రం దాకా పోయింది. శక్తి తన దారిని మార్చుకొనవలసిన చోటు ఒక్కటే, చక్రం దగ్గర. అక్కడ ఏటవాలుగా పళ్ళు కోసిన రెండు బెవెల్ గేర్లు నూనె నింపిన గట్టి పెట్టెలో భద్రంగా ఉన్నాయి.

షాఫ్టుతో నడిచే మోటారు సైకిలు ఫ్రిట్స్ సృష్టి మాత్రం కాదు. బెల్జియం దేశపు ఎఫ్.ఎన్. సంస్థ 1905 నాటికే అట్టి బండిని నాలుగు సిలిండర్ల ఇంజనుతో నిర్మించింది. అమెరికాలో పియర్స్ సంస్థ కూడా ఆ దారిని అనుసరించింది. ఫ్రిట్స్ గొప్పతనం కూర్పులో ఉన్నది. ఇంజను, క్లచ్చి, గేర్లు, షాఫ్టు, చక్రం ఒకే వరుసలో, ఒకే కుటుంబంవలె ఒదిగిపోయేటట్లు ఆయన అమర్చారు. మన లెక్కల ఉపాధ్యాయులు కఠినమైన సమస్యను నాలుగు పంక్తులలో సాధించినప్పుడు కలిగే ఆనందం ఆ చిత్రపటాన్ని చూసినప్పుడు కలుగుతుంది.

ఆర్ 32 అనే పేరుతో ఆ బండి 1923 సెప్టెంబరులో బెర్లిన్ ప్రదర్శనలో లోకానికి కనిపించింది. 494 ఘనపు సెంటీమీటర్ల ఇంజను, ఎనిమిదిన్నర అశ్వశక్తి, మూడు గేర్లు, 122 కిలోల బరువు, గంటకు సుమారు 95 కిలోమీటర్ల వేగం. అంకెలలో చూస్తే అది ఆ కాలానికి కూడా మహావేగం కాదు. జర్మనీలో అప్పుడు ద్రవ్యోల్బణం పరాకాష్ఠకు చేరింది. ఉదయం రొట్టె కొన్న డబ్బుకు సాయంత్రం ఏమీ రాని రోజులవి. అట్టి కాలంలో ఖరీదైన బండిని ఎవరు కొంటారు? అయినా కొన్నారు. 1926 వరకు 3,090 బండ్లు తయారయ్యాయి. బండి నమ్మకంగా నడుస్తుందనే మాటే దానికి ప్రచారమయింది. ఆనాటి బండ్లు పెక్కింటిలో ఇంజను నూనె కాలి బయటికి పోతూ ఉండేది. చోదకుడే మాటిమాటికి చేతి పంపుతో నూనె అందించవలసి వచ్చేది. ఆర్ 32లో నూనె లోపలనే తిరిగి తిరిగి పనిచేసేది. చైను లేదు గనుక చైను బాధ లేదు. ఉదయం లేచి బండి తీసి పనికి పోదలచినవానికి ఇంతకంటె కావలసినది ఏమున్నది?

షాఫ్టు బండి నమ్మకానికి కారణాలను కొంచెం విపులంగా చెప్పుకొందాము. చైనులో అనేక లింకులు, ప్రతి లింకుకు పిన్నులు, రోలర్లు ఉంటాయి. ఇవన్నీ దుమ్ములో, బురదలో బయటనే తిరుగుతాయి. ఒక్కొక్క పిన్ను తలవెంట్రుకంత అరిగినా మొత్తం చైను వేళ్ళ వెడల్పున సాగుతుంది. షాఫ్టు సాగదు. దాని చివరి గేర్లు మూసిన పెట్టెలో, నూనె స్నానంలో తిరుగుతాయి. దుమ్ముకు అక్కడ ప్రవేశం లేదు. చైను బిగువు సవరించినప్పుడల్లా వెనుక చక్రం వరుస తప్పే ప్రమాదమున్నది. షాఫ్టు బండిలో అట్టి సవరణే లేదు. ఈ సుగుణాలకు మూల్యం కూడా ఉన్నది. షాఫ్టు ఏర్పాటు బరువైనది, ఖరీదైనది. బెవెల్ గేర్ల వద్ద దిశ మారేటప్పుడు శక్తిలో కొంత భాగం వేడిగా వృథా అవుతుంది. అందుచేతనే చవకగా, తేలికగా ఉండవలసిన బండ్లలో నేటికీ చైనుదే రాజ్యం.

ఫ్రిట్స్ నాటిన మొక్కను ఇతరులు పెంచారు. రుడాల్ఫ్ ష్లైకర్ అనే యువ ఇంజనీరు మరింత శక్తిమంతమైన ఆర్ 37ను రూపొందించి, 1926లో ఇంగ్లండులో జరిగిన ఆరు రోజుల అంతర్జాతీయ పరీక్షలో తానే దానిని నడిపి స్వర్ణ పతకం సాధించారు. ఆ పరీక్ష బండి ఓర్పును కొలిచేది. 1937 నవంబరులో ఎర్నెస్ట్ హెన్నె షాఫ్టు బండి మీదనే గంటకు 279.5 కిలోమీటర్ల వేగం సాధించాడు. ఆ రికార్డు 1951 వరకు చెక్కుచెదరలేదు. 1939లో జార్జ్ మెయిర్ ఐల్ ఆఫ్ మాన్ ద్వీపంలోని సీనియర్ టి.టి. పందెం గెలిచాడు. షాఫ్టు బండ్లు పెద్దమనుషుల సవారీకే తగినవి, పందేలకు పనికిరావు అన్న వాదం దానితో మూగబోయింది.

రెండవ ప్రపంచ యుద్ధంలో ఈ ఏర్పాటుకు వచ్చిన పరీక్ష మరింత కఠోరమైనది. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో ఇసుక చైనులను నమిలివేసేది. జర్మన్ సైనికుల షాఫ్టు బండ్లు మాత్రం నడిచేవి. ఇది గమనించిన అమెరికా సైన్యం తమ దేశపు హార్లే డేవిడ్‌సన్, ఇండియన్ సంస్థలచేత షాఫ్టు బండ్లు చేయించింది. 1942 ప్రాంతంలో తయారైన హార్లే ఎక్స్.ఎ. అనే బండి జర్మన్ బండికి ఇంచుమించు ప్రతిరూపమే. సోవియట్ రష్యా ఆర్ 71 అనే నమూనాను అనుసరించి ఎమ్-72ను నిర్మించింది; నేటి ఉరాల్ బండ్లు దాని సంతతివే. శత్రువు చేసిన వస్తువును శత్రువే అనుకరించడంకంటె గొప్ప యోగ్యతాపత్రం యంత్రానికి లేదు.

ఇక్కడ ఒక చేదు విషయం దాటవేయడం ధర్మం కాదు. నిషేధాలు సడలిన తరువాత ఫ్రిట్స్ తనకు ప్రియమైన విమాన ఇంజన్లవైపు తిరిగి వెళ్ళారు. ఆయన ప్రధాన రూపశిల్పిగా ఉన్న కాలంలోనే, 1926లో, పన్నెండు సిలిండర్ల బి.ఎమ్.డబ్ల్యు. 6 ఇంజను వెలువడింది. 1930లో వోల్ఫ్‌గాంగ్ ఫాన్ గ్రోనావ్ అట్టి ఇంజన్లతోనే అట్లాంటిక్ సముద్రం దాటి న్యూయార్కు చేరాడు. కాని 1933లో హిట్లర్ అధికారానికి వచ్చిన పిమ్మట ఆ విద్య మరల యుద్ధానికి దాసి అయింది. 1930ల చివర ఫ్రిట్స్ ఐసెనాక్‌లోని విమాన ఇంజన్ల కర్మాగారపు బాధ్యత వహించారు. యుద్ధకాలంలో బి.ఎమ్.డబ్ల్యు. కర్మాగారాలలో వేలాదిమంది బందీలచేత, పరదేశీయులచేత బలవంతంగా పనిచేయించారు. ఆ సంస్థయే 2016లో తన శతవార్షికోత్సవ సమయంలో ఇందుకు బహిరంగంగా విచారం ప్రకటించింది. నిపుణుని చేతి పనిని మెచ్చుకొనే మనం, ఆ పని ఎవరి ప్రయోజనానికి, ఎవరి చెమటతో నడిచిందో కూడా చూడాలి. యంత్రానికి మంచిచెడ్డలు తెలియవు. తెలుసుకొనవలసిన బాధ్యత మనిషిదే.

యుద్ధానంతరం షాఫ్టు రూపం ఎట్లు మారిందో చెప్పి, దాని పోషణ సంగతికి వస్తాము. ఆర్ 32లో వెనుక చక్రానికి స్ప్రింగులు లేవు. చక్రం చట్రానికి గట్టిగా బిగిసి ఉండేది గనుక షాఫ్టు వంగవలసిన అవసరం లేదు. చిన్న చిన్న అదురులను ఓర్చుకొనేందుకు గేరు పెట్టె దగ్గర ఒక మెత్తని బిళ్ళ చాలింది. తరువాత ప్రయాణ సుఖం కొరకు చక్రం పైకీ కిందికీ ఆడసాగింది. అప్పుడు షాఫ్టు తిరుగుతూనే వంగాలి. దానికి సాధనం సార్వత్రిక సంధి. మన లారీల కడుపు కింద తిరిగే పొడవాటి షాఫ్టుకు ఉండేది ఇదే. మెకానిక్కులు దీనిని క్రాసు అంటారు. యూరపు భాషలు పెక్కింటిలో దీనికి పదహారవ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరు స్థిరపడింది. ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ పేరు కూడా దీనికి ఉన్నది.

ఈ సంధికి ఒక దోషమున్నది. వంగి తిరిగేటప్పుడు ఒక వైపు వేగం సమంగా ఉన్నా, రెండవ వైపు ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం హెచ్చి తగ్గుతుంది. వంపు ఎక్కువైనకొద్దీ ఈ ఊపు పెరిగి బేరింగులను బాధిస్తుంది. రెండు సంధులను తగిన వరుసలో అమర్చితే ఒకదాని దోషాన్ని మరొకటి హరిస్తుంది. 1955లో వచ్చిన బండ్లలో షాఫ్టును వెనుక చక్రం మోసే చేతి గొట్టంలోనే దాచి, ఒక సంధితో సరిపెట్టారు. 1980లో వచ్చిన ఆర్ 80 జి/ఎస్ బండి చక్రాన్ని ఒకే చేతి మీద నిలిపింది. మరుసటి ఏట హ్యూబర్ట్ ఓరియోల్ అట్టి బండితో పారిస్–డాకార్ పందెంలో సహారా ఎడారి దాటి గెలిచాడు. 1987లో పారలీవర్ అనే ఏర్పాటుతో రెండు సంధుల షాఫ్టు వచ్చింది. అదివరకు గ్యాసు ఇచ్చినప్పుడల్లా బండి వెనుక భాగం లేచే లక్షణం ఉండేది. అది దీనితో చాలవరకు అణగింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. షాఫ్టుకు సేవ అక్కరలేదా? అక్కరే. అది తక్కువ సేవ, కాని తప్పనిసరి సేవ. మొదటిది నూనె. చివరి గేర్ల పెట్టెలో నూనె కొద్దిపాటిదే, కాని అదే దాని ప్రాణం. నిర్మాత చెప్పిన దూరానికి, చెప్పిన రకపు నూనెతో మార్చాలి. బండి కొంత దూరం నడిచి వెచ్చబడిన తరువాత విప్పితే పాత నూనె బాగా దిగుతుంది. ఎక్కువ పోస్తే మేలు అనుకోరాదు. వేడికి వ్యాకోచించి ఆయిల్ సీలును తోసుకొని బయటికి వస్తుంది, వెనుక బ్రేకును తడుపుతుంది. కింది బోల్టుకు అయస్కాంతం ఉన్న బండ్లలో దాని మీద సన్నని బూడిదవంటి ఇనుపపొడి ఉంటే భయం లేదు. రేకులో, ముక్కలో కనిపిస్తే గేర్లో, బేరింగో చెడిపోతున్నదని గ్రహించాలి.

రెండవది, షాఫ్టు చివర పొడవునా పళ్ళు చెక్కిన భాగం. దీనిని స్ప్లైను అంటారు. చాల నమూనాలలో దీనికి నూనె అందదు; నియమిత కాలానికి విప్పి గ్రీజు పూయాలి. పూయకపోతే ఎండిన పళ్ళు ఒకదానినొకటి కొరుక్కొని, ఒకనాడు ఇంజను తిరుగుతున్నా చక్రం కదలని స్థితి వస్తుంది. మూడవది, సంధిని కప్పే రబ్బరు తొడుగు. అది చిరిగితే నీరు చేరుతుంది. క్రాసు లోపలి సన్నని సూది బేరింగులకు తుప్పు మృత్యువు. నాలుగవది, చేతి పరీక్ష. బండిని స్టాండు మీద నిలిపి వెనుక చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపాలి. టకటకమని కదిలితే బేరింగు వదులైనట్లే. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, రెండు నిమిషాలు చాలు.

చైనుకు, షాఫ్టుకు మరొక భేదమున్నది. చైను వాచాలి, చెడిపోకముందే నెలల తరబడి మొత్తుకొంటుంది. చెడినా దారిలో ఏ చిన్న దుకాణంలోనైనా మార్చుకొనవచ్చు. షాఫ్టు మౌని. కడవరకు నిశ్శబ్దంగా సేవచేసి, ఉపేక్షించినవానిని ఒక్కసారిగా నడిదారిలో విడిచిపెడుతుంది. అప్పటి మరమ్మతు సామాన్యునికి భరించరానిది. ఇటలీలో పుట్టి 1950లలో మన దేశంలోను తిరిగిన లాంబ్రెట్టా ఎల్.డి. స్కూటరులో ఉన్నది షాఫ్టే అని చాలమందికి తెలియదు. కనిపించని భాగాన్ని మనం మరచిపోతాము. మరచిన భాగమే మనలను శిక్షిస్తుంది.

ఫ్రిట్స్ 1966 జూన్ 9వ తేదీన, బవేరియాలోని టెగెర్న్‌సీ సరస్సు ఒడ్డున, ఎనభై రెండు ఏళ్ళు నిండి ఎనభై మూడవ ఏట కన్నుమూశారు. ఆయన ప్రాణం పెట్టిన విమాన ఇంజన్లు నేడు వస్తుప్రదర్శనశాలలలో మౌనంగా ఉన్నాయి. ఇష్టం లేకుండా చేపట్టిన మోటారు సైకిలు మాత్రం, ఇరువైపులా చాచిన సిలిండర్లతో, వెనుకకు సాగిన షాఫ్టుతో, ఖండఖండాంతరాలలో తిరుగుతున్నది. 2023లో దానికి నూరేళ్ళు నిండాయి.

విద్యార్థులారా, మీలో కొందరికి కోరిన చదువు దొరకదు, కోరిన ఉద్యోగం రాదు. ఏదో ఒక తలుపు ముఖం మీద మూసుకొంటుంది. అప్పుడు దక్కిన పనిని సగం మనస్సుతో చేసి కాలం గడపడం ఒక మార్గం. దక్కిన పనిని తొంభై డిగ్రీలు తిప్పి చూడడం ఫ్రిట్స్ మార్గం. ఉర్దూలో అమానత్ అనే అందమైన మాట ఉన్నది. మనకు నమ్మి అప్పగించిన వస్తువు అని దాని భావం. నిర్మాత తన బుద్ధిని యంత్రంలో పెట్టి మన చేతికి అప్పగిస్తాడు. మూత లోపల ఉన్నదానిని ఎవరూ చూడరు గదా అని ఉపేక్షించేవాడు అమానత్‌ను పోగొట్టుకొంటాడు. వేళకు మూత విప్పి, నూనె చూసి, గ్రీజు పూసి, బోల్టు బిగించేవాడు నిర్మాత పనిలో తానూ భాగస్వామి అవుతాడు. నమ్మకమైన యంత్రానికి నమ్మకమైన మనిషి తోడైనప్పుడే బండి దూరం పోతుంది.